అయిదు కుండీలు, ఒక ముక్కు

ఆ ఉదయం ముక్కు మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి టిఫిను, తొమ్మిదింటికి స్నానం, పదింటికి కళ్ళకు గంతలు, పదిన్నరకి పుప్పొడి, పదకొండింటికి చప్పట్లు. ఇందులో అన్నిటికీ కావలసిన సరంజామా ఇంట్లో సిద్ధంగానే ఉంది, ఒక్క ముక్కు తప్ప.

మాస్టారంటే ఏ బడిలోనూ పాఠాలు చెప్పిన మనిషి కాదు. ముప్ఫయ్యొక్క ఏళ్ళు సబ్బుల ఫ్యాక్టరీలో వాసన చూసే ఉద్యోగం చేశాడు. మరిగే సబ్బు ముందు నిలబడి ఒక్క పీల్పు పీల్చి, "నిమ్మ ఎక్కువైంది" అనో, "ఇంకో గంట ఆగండి" అనో చెప్పేవాడు. యంత్రం ఒకటి చెప్పి ఆయన ఒకటి చెబితే యంత్రాన్ని మరమ్మతుకి పంపేవాళ్ళు. రిటైరయిన రోజున తోటివాళ్ళు ఇత్తడితో ఒక ముక్కు పోత పోయించి ఇచ్చారు. అది ముందుగదిలో టీవీ పక్కన కూర్చుని వచ్చేపోయేవాళ్ళందరినీ వాసన చూస్తూ ఉంటుంది. దాన్ని రోజూ ఆయనే తుడుస్తాడు, ఇంకొకరిని ముట్టుకోనివ్వడు.

ఉద్యోగం లేని ముక్కుకి పని కావాలి గనక ఆయన ఐరిస్ పూలు పట్టుకున్నాడు. కత్తుల్లాంటి ఆకులు, అల్లం కొమ్ములాంటి దుంప, నిటారుగా కాడ. కాడ చివర మూడు రేకులు పైకి లేచి, మూడు రేకులు కిందికి వాలి ఉండే పువ్వది. చూడ్డానికి మహా దర్జాగా ఉంటుంది గానీ చాలా రకాలకు వాసన అంతంత మాత్రం. పెంచేవాళ్ళు ఏళ్ళ తరబడి రంగునీ సైజునీ చూసి జోడీలు కడుతూ పోయి, సువాసనని దారిలో ఎక్కడో పారేసుకున్నారని మాస్టారి ఆరోపణ. దాన్ని వెతికి తెచ్చే బాధ్యత తన ముక్కు మీద ఉందని ఆయన నమ్మకం.

పని వినడానికి సులువే. తల్లిగా ఒక మొక్కని, తండ్రిగా ఒక మొక్కని ఎన్నుకోవాలి. తండ్రి పువ్వు నుంచి పుప్పొడి తీసి తల్లి పువ్వుకి అద్దాలి. కాయ కడుతుంది, గింజలొస్తాయి, గింజలు మొలుస్తాయి. ఆ మొలక పూసేసరికి మూడేళ్ళు. అంటే జోడీ తప్పయితే, తప్పని తెలియడానికే మూడేళ్ళు పడుతుంది. మాస్టారికి డెబ్బై ఒకటి దాటింది. మూడేళ్ళు అనే మాటని ఆయన ఈమధ్య కాస్త మెల్లగా పలుకుతున్నాడు.

తల్లి ఎవరో ఎప్పుడో తేలిపోయింది. ఎనిమిదేళ్ళు కష్టపడి సాధించిన తెల్లది. ఎంత గాలికీ వాలని కాడ, వానకి చిరగని రేకు, అన్ని గుణాలూ ఉన్నాయి, వాసన ఒక్కటే లేదు. ఈ ఏడు అది ఒకే ఒక్క కాడ వేసింది. మూడు మొగ్గలు. మొదటి పువ్వు జడివానకి పాడైంది. రెండోదాన్ని నత్త తినేసింది. మూడోది ఈ రోజే విచ్చుకుంది, సాయంత్రానికి అదను దాటిపోతుంది. తండ్రిని ఈ పూటే ఎన్నుకోవాలి.

కష్టమల్లా రెండు నెలల కిందటి జలుబుతో వచ్చింది. జలుబు వారంలో పోయింది, పోతూ పోతూ వాసనని కూడా వెంటబెట్టుకుపోయింది. ఆ సంగతి మాస్టారికి వంటింట్లో తెలిసింది. పొయ్యి మీద పాలు మాడి, గిన్నె నల్లబడి, పై వాటాలో ఉండే కూతురు మెట్లు దిగి పరిగెత్తుకొచ్చేసరికి, ఆయన పొయ్యికి రెండడుగుల దూరంలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు.

"ఏంటి నాన్నా, వాసన రాలేదా నీకు?"

"ఎందుకు రాలేదు? ఎంతవరకు మాడతాయో చూస్తున్నాను," అన్నాడు మాస్టారు.

ఆ రోజు మొదలు ఆయన ఎవరి దగ్గరా నోరు విప్పలేదు. డాక్టరు దగ్గరికి వెళితే వీధిలో తెలుస్తుంది, భార్యకి చెబితే డాక్టరు దగ్గరికి తీసుకెళుతుంది. ఆవిడ ముప్ఫై ఏళ్ళు ఆసుపత్రి వార్డులో నర్సుగా చేసిన మనిషి. అందుకని ఆయన రోజూ పొద్దున్నే స్నానాలగదిలో తలుపేసుకుని అయిదు రకాల సబ్బుల్ని ఒకటి తరవాత ఒకటి ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకునేవాడు. అయిదూ గులకరాళ్ళలాగే ఉండేవి. బయటికొచ్చి "ఈ కొత్త సబ్బులో పస లేదు" అనేవాడు.

అంతటితో ఆగినా బాగుండేది. పోయిన నెల పూల సంఘం సమావేశంలో ఎదురింటి ప్లీడరు గారు లేచాడు. ఆయన కూడా ఐరిస్‌లే పెంచుతాడు. ఒక్కో పువ్వు భోజనం పళ్ళెమంత ఉంటుంది. పువ్వన్నది కంటి కోసమేననీ, ముక్కు సంగతి సెంటు సీసాలు చూసుకుంటాయనీ ఆయన వాదం. వాదం మధ్యలో ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడల్లా జేబులోంచి పొడుం డబ్బా తీసి, చిటికెడు ముక్కులోకి ఎగబీల్చి, గళ్ళ రుమాలుతో తుడుచుకుని, మళ్ళీ వాదిస్తాడు.

"మాస్టారు కుండీ చీటీ మీద పేరు చూసి వాసన చెబుతారేమోనని నా అనుమానం," అన్నాడు ప్లీడరు గారు. "కళ్ళు మూసుకుని చెప్పమనండి, ఒప్పుకుంటాను."

ముక్కు పనిచేసే రోజుల్లో అయితే మాస్టారు నవ్వి ఊరుకునేవాడు. ఇప్పుడు పనిచెయ్యడం లేదు గనక రోషం వచ్చింది. "తెల్లదానికి తండ్రిని మీ అందరి ముందూ ఎంచుతాను. గంతలు మీరే కట్టండి," అనేశాడు. సంఘం కార్యదర్శి, పళ్ళ డాక్టరమ్మ, ఆ మాటని అక్కడికక్కడే మినిట్స్ పుస్తకంలో రాసేసుకుంది.

పెరట్లో బల్ల మీద తండ్రి స్థానానికి అయిదు కుండీలు పోటీలో ఉన్నాయి. పసుపుది ఒకటి, లేత నీలంది ఒకటి, ఊదావి రెండు. ఈ నాలుగూ మాస్టారి సొంత మొలకలు. మూడేళ్ళ తరవాత ఈ ఉదయమే మొదటిసారి విచ్చుకున్నాయి గనక వాటి వాసన ఎలాంటిదో లోకంలో ఎవరికీ తెలియదు. అయిదోది ప్లీడరు గారు నిరుడు దుంప తుంచి ఇచ్చింది. చిన్న పువ్వు, వాననీటి గుంటలో అడుగున ఉండే రంగు. "మా పెరట్లో పదేళ్ళుగా ఉంది, ఎప్పుడైనా దీన్ని కూడా మీ పరీక్షకి కూర్చోబెట్టండి," అని వెక్కిరించడానికి ఇచ్చాడు. మాస్టారు మర్యాదస్తుడు గనక కూర్చోబెట్టాడు. దాన్ని ఇంట్లోవాళ్ళు మట్టిది అంటారు. దాని దగ్గరికి వంగి చూసే ఓపిక ఇంతవరకూ ఎవరికీ కలగలేదు.

ఆ పెరట్లో ఇంకో ప్రాణి కూడా ఉంది. పూలకాలంలో రోజూ పది దాటాక ఒక నల్ల తుమ్మెద వస్తుంది. వాసన లేని పువ్వుని దూరం నుంచే పలకరించి వదిలేసి, ఉన్నవాటిలోకి తిన్నగా దూరుతుంది; ఒకదాని పుప్పొడి ఇంకోదానికి పూసి మాస్టారి లెక్కలన్నీ తారుమారు చేస్తుంది. ఆయన దానికి దొంగ అని పేరు పెట్టాడు. కనిపిస్తే తువ్వాలుతో తరుముతాడు. తెల్లదానికి పల్చటి గుడ్డసంచి తొడిగింది కూడా దాని భయానికే.

మాస్టారు తన గండం గట్టెక్కడానికి తొమ్మిదేళ్ళ మనవరాలిని నమ్ముకున్నాడు. టిఫిను అవుతూనే పిల్లని మెట్ల కిందికి తీసుకెళ్ళి, తాతయ్య ముక్కుకి కాస్త సెలవిచ్చామని, ఈ సంగతి అమ్మమ్మకి కూడా చెప్పకూడదని ఒట్టు వేయించుకున్నాడు.

"నువ్వు నా వెనకే ఉండు. నేను పువ్వు దగ్గర వంగినప్పుడు నువ్వూ వాసన చూడు. కొంచెం ఉంటే ఒకసారి దగ్గు. బాగుంటే రెండుసార్లు. చాలా చాలా బాగుంటే మూడు."

"చెయ్యి నొక్కితే సరిపోతుంది కదా తాతయ్యా?"

"చెయ్యి పట్టుకుంటే ప్లీడరు గారు అభ్యంతరం చెబుతారు. దగ్గుని ఆపే చట్టం ఇంకా రాలేదు."

"మూడు కంటే ఎక్కువ బాగుంటేనో?"

"అంత అదృష్టం మనకి పట్టదులే," అని మాస్టారు స్నానానికి వెళ్ళాడు.

ఆయన స్నానం ముప్పావుగంట. ఆ ముప్పావుగంటలో పెరట్లోకి ముగ్గురు వచ్చి వెళ్ళారు, ఒకరికి తెలియకుండా ఒకరు.

మొదట భార్య వచ్చింది. ఆయన దాచిందంతా ఆవిడకి మొదటి రోజే తెలుసు. పాలు మాడిన మర్నాటి నుంచి పొయ్యి దగ్గర ఆయన్ని ఒంటరిగా వదలలేదు. అడిగితే చిన్నబుచ్చుకుంటాడని ఆయనంతట ఆయన చెప్పేదాకా ఆగుదామనుకుంది. ఈ రోజు మాత్రం నలుగురి ముందూ నవ్వులపాలవుతాడని ఆవిడ ఊరుకోలేకపోయింది. నీలం మొగ్గ దగ్గర ఆయన నాలుగు రోజులుగా ఎక్కువసేపు నిలబడుతున్నాడు గనక మనసు దాని మీద ఉందని లెక్క కట్టి, మొహానికి రాసుకునే పన్నీరు అర సీసా దాని మీద చిలకరించింది. ముక్కు ఎంత మొద్దుబారినా ఈ ఘాటు తగలకపోదు అనుకుంది.

ఆవిడ లోపలికి వెళ్ళగానే కూతురు దిగింది. పాల గిన్నె రోజు నుంచి ఆమెకీ అనుమానమే. నాన్నకి ఊదా రంగంటే ప్రాణమని తెలుసు, ఏ ఊదాదో తెలియదు. ఎందుకైనా మంచిదని తన సెంటు సీసా తెచ్చి రెండింటికీ సమానంగా కొట్టింది.

చివరికి అత్తగారు కర్ర తాటించుకుంటూ వచ్చింది. అత్తగారంటే మాస్టారి భార్యకి తల్లి. ఎనభై నాలుగేళ్ళు, అన్ని రోగాలకీ ఒకటే మందు: పచ్చ మూత ఉన్న బామ్ సీసా. అల్లుడికి ముక్కు దిబ్బడగా ఉందని ఆవిడ గ్రహించింది. చెబితే రాసుకోడు. అందుకని బాగా ఆలోచించి, బల్ల మీద తన చేతికి అందిన పసుపుదాని ఆకులకీ కాడకీ బామ్ దట్టంగా పట్టించింది. దీన్ని వాసన చూసేసరికి ముక్కు తెరుచుకుంటుంది, ఆ తరవాత మిగతావన్నీ తనే చూసుకుంటాడు అని ఆవిడ లెక్క. ముగ్గురి లెక్కల్లోకీ నిజానికి ఇదే దిటమైన లెక్క.

పదింటికి సంఘం సభ్యులు ఏడుగురు వచ్చారు. పెరటి గుమ్మం దాటగానే ఆరుగురు ఆగిపోయారు, అయిదుగురు రుమాళ్ళు తీశారు. పళ్ళ డాక్టరమ్మ తన క్లినిక్‌లో వేసుకునే మాస్కు బ్యాగులోంచి తీసి పెట్టుకుంది. మాస్టారు అది చూసి, ఊళ్ళో జలుబులు బాగా ఉన్నట్టున్నాయి పాపం అనుకున్నాడు.

ఏడో సభ్యుడు ప్లీడరు గారు మాత్రం దర్జాగా బల్ల దగ్గరికి వెళ్ళి, చేతులు వెనక్కి కట్టుకుని, ఒక్కో పువ్వు మీదికీ వంగి గట్టిగా పీల్చి చూశాడు. చూసి నడుం నిటారు చేశాడు.

"నేను ముందే చెప్పాను. అయిదింటిలో ఒక్కదానికీ వాసన లేదు."

సభ్యులు మొహమొహాలు చూసుకున్నారు. ఎంత పోటీ ఉంటే మాత్రం ఇంత పచ్చి అబద్ధమా అని డాక్టరమ్మ మాస్కు వెనక పెదవి బిగించింది. ఆ మాటని నమ్మినవాడు మాస్టారు ఒక్కడే. నిజమేనేమో, నీళ్ళు ఎక్కువ పెట్టానేమో, మూడేళ్ళ మొలకలన్నీ ఉత్తవేనేమో. ఇప్పుడు దేనికి దగ్గమని ఆ పిల్లని అడగాలి?

ప్లీడరు గారు తన గళ్ళ రుమాలుతో స్వయంగా గంతలు కట్టి, కుండీల వరుస మార్చాడు. డాక్టరమ్మ మాస్టారి భుజం పట్టి మొదటి కుండీ దగ్గరికి నడిపించింది. వరుసలో మొదట ఒక ఊదాది, తరవాత పసుపుది, నీలంది, మట్టిది, చివర రెండో ఊదాది ఉన్నాయి. ఆ సంగతి అందరికీ కనిపిస్తోంది, మాస్టారికి తప్ప.

ఆయన మొదటిదాని మీదికి వంగి, దీర్ఘంగా పీల్చి, కనుబొమలు ఎగరేసి, తెలిసినవాడిలా తలాడించాడు. ఏమీ తెలియలేదు. వెనక మనవరాలు మూడుసార్లు దగ్గింది. మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. పీల్చి పడేసిన ప్లీడరు అబద్ధమాడాడన్నమాట.

రెండోదాని దగ్గర వంగాడు. ఈసారి దగ్గు రాలేదు, తుమ్ము వచ్చింది. తరవాత ఇంకొకటి. తుమ్ముకి అర్థమేమిటో ఒప్పందంలో లేదు. ఆయన అయోమయంగా నిలబడి ఉండగానే దూరంగా కుర్చీలోంచి అత్తగారి గొంతు వినిపించింది.

"ఇప్పుడెలా ఉంది అల్లుడు గారూ, తెరిపిగా ఉందా?"

"బాగానే ఉందండీ," అన్నాడాయన, దేని గురించో తెలియక.

మూడోదానికి మనవరాలు మళ్ళీ మూడుసార్లు దగ్గింది. మొదటిదీ మూడు, మూడోదీ మూడు. చాలా చాలా బాగున్నవి రెండెలా ఉంటాయి? ఆలోచించేలోగా వెనక గుసగుసలు మొదలయ్యాయి. దగ్గులూ తుమ్ములూ విన్న భార్య ఇంక నర్సుగా ఆగలేకపోయింది. "పిల్లకి గొంతు పట్టేసినట్టుంది, ఇలా రా అమ్మా," అని మనవరాలి చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళింది. "నాకేం కాలేదు అమ్మమ్మా, నన్ను అక్కడే ఉండనీ," అంటున్న గొంతు వంటింటి వైపు వెళ్ళిపోయింది. గంతల కింద మాస్టారికి అది వినిపించలేదు. ప్లీడరు గారు సరిగ్గా అప్పుడే పొడుం పీల్చి పెద్దగా ముక్కు చీదాడు.

నాలుగోదాని దగ్గర మాస్టారు వంగి ఎదురుచూశాడు. దగ్గు లేదు. తుమ్ము లేదు. మళ్ళీ వంగాడు. సభ్యులు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. ఇంతసేపు వాసన చూస్తున్నాడంటే ఎంత నిష్ఠో అనుకున్నారు. ఆయనకి మాత్రం ఏ దగ్గూ వినిపించలేదు. ఎనిమిదేళ్ళ తెల్లది అటు గుడ్డసంచిలో ఎదురుచూస్తోంది. పెరడంతా తన ముక్కు వైపే చూస్తోంది. జీవితంలో మొదటిసారి ఆయనకి ఏడుపొచ్చింది, గంతలుండబట్టి సరిపోయింది.

అప్పుడు వినిపించింది, ఝుమ్మని. దొంగ వచ్చింది.

ఆయన చెయ్యి అలవాటుగా తువ్వాలు కోసం భుజం మీదికి వెళ్ళి ఆగిపోయింది. ఆ మోత అటు చివరి కుండీ వైపు వెళ్ళింది, వెళ్ళినంత వేగంగా కీచుమంటూ వెనక్కి తిరిగింది. తన చెవి పక్క నుంచి మొదటి కుండీ వైపు వెళ్ళింది, అక్కడా అంతే. తరవాత సరిగ్గా ఆయన మొహం ముందుకొచ్చి, మోత గొంతు మార్చుకుని, పువ్వు లోపలికి దూరినట్టు మెత్తబడింది. కాసేపటికి బయటికొచ్చింది. ఒక చుట్టు తిరిగి మళ్ళీ అందులోకే దూరింది.

డాక్టరమ్మ ఆయన్ని అయిదోదాని దగ్గరికి జరిపింది. అప్పటికి మంచినీళ్ళు తాగి పరిగెత్తుకొచ్చిన మనవరాలు వంగి ఒక్కసారి పీల్చేసరికి సెంటు గొంతులో కొట్టి, ఆపకుండా పదకొండుసార్లు దగ్గింది. మాస్టారు లెక్కపెట్టాడు. మూడు దాటి లెక్కే లేదు. ఇంత గొప్పది ఇంకోటి ఉండదన్నమాట.

ఒక చెవిలో మనవరాలి పదకొండు దగ్గులు. ఇంకో చెవిలో దొంగ. పిల్లకి తనంటే ప్రాణం, తన కోసం ఎంతైనా దగ్గుతుంది. దొంగకి తనంటే పగ. ఎనిమిదేళ్ళుగా తువ్వాలు దెబ్బలు తింటోంది, తన పరువు కోసం అది అబద్ధమాడదు. మాస్టారు నిటారుగా నిలబడ్డాడు.

"నాలుగోది," అన్నాడు.

వంటింటి గుమ్మంలో భార్య నుదురు కొట్టుకుంది. కూతురు కళ్ళు మూసుకుంది. ప్లీడరు గారు బల్ల మీద చరిచి నవ్వాడు.

"అది మా మట్టిదండీ. పదేళ్ళుగా మా ప్రహరీ పక్కన పడి ఉంది. దాని వంశంలోనే వాసన లేదు. డాక్టరమ్మ గారూ, మినిట్స్‌లో రాసుకోండి."

డాక్టరమ్మ రాయలేదు. మాస్కు కిందికి లాగి, ఊదాదాని వైపు చెయ్యి అడ్డం పెట్టుకుని, మట్టిదాని మీదికి వంగింది. వంగిన మనిషి లేవలేదు. కాసేపటికి వేలితో మిగతావాళ్ళని పిలిచింది. ఒకరి తరవాత ఒకరు వచ్చి వంగారు. ఎండ తగిలి పూర్తిగా విచ్చుకున్న ఆ పువ్వులోంచి పండిన ద్రాక్ష వాసన, దాని అడుగున సన్నగా లవంగం ఘాటు. పక్కన పన్నీరూ సెంటూ బామ్ ఎంత గోల చేస్తున్నా, దగ్గరికి వెళ్ళినవాళ్ళకి అదొక్కటే తెలుస్తోంది.

"నన్ను ఆటపట్టిస్తున్నారా మీరంతా?" అని ప్లీడరు గారు కూడా వంగి పీల్చాడు. "ఏదీ? ఎక్కడ?"

మాస్టారి భార్య ప్లీడరు గారి వైపు నర్సు చూపు చూసింది. లోపలికెళ్ళి పన్నీరు సీసా తెచ్చి ఆయన ముక్కు కింద పెట్టింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. అత్తగారి చేతిలోంచి బామ్ సీసా తీసుకుని మూత తెరిచి పెట్టింది. కళ్ళ వెంట నీళ్ళు కారాయి గానీ, వాసన తెలియలేదు.

"పొడుం ఎన్నేళ్ళ నుంచి అండీ?"

"ముప్ఫై రెండేళ్ళు," అన్నాడు ప్లీడరు గారు, సాక్షిలా నెమ్మదిగా. పదేళ్ళుగా తన ప్రహరీ పక్కనే ఉన్న సువాసనని తను చూడనేలేదని ఆయనకి అప్పుడు అర్థమైంది. కుర్చీ కోసం చేత్తో వెతుక్కున్నాడు.

మాస్టారు గంతలు విప్పేసుకుని ముందు పని చూశాడు. పట్టకారుతో మట్టిదాని కేసరం తుంచాడు. తెల్లదాని సంచి తీసి, పుప్పొడిని లోపలి అంచు మీద మెత్తగా అద్దాడు. ఒక్క రవ్వ కూడా చేతికి అంటలేదు. కాడకి ఎర్ర దారం కట్టాడు. దొంగ అటుగా వస్తే మళ్ళీ సంచి తొడిగేశాడు. కృతజ్ఞత వేరు, జాగ్రత్త వేరు.

చప్పట్లు మోగాయి. పథకంలో అనుకున్నట్టే సరిగ్గా పదకొండయింది. సువాసన విభాగానికి మాస్టారినే శాశ్వత న్యాయనిర్ణేతగా పెట్టాలని డాక్టరమ్మ ప్రతిపాదించింది. ప్లీడరు గారు లేచి, "ముక్కంటే మీదే మాస్టారూ, నేను ఓడిపోయాను," అని చెయ్యి చాపాడు.

ఆ చెయ్యి అందుకుని ఊరుకుంటే కథ అక్కడితో అయిపోయేది. మాస్టారు అందుకున్నాడు. కానీ ప్లీడరు గారి మొహంలో ఆయనకి రెండు నెలలుగా అద్దంలో కనిపిస్తున్న మొహమే కనిపించింది. ముప్ఫయ్యొక్క ఏళ్ళు ఆయన సబ్బు గురించి ఒక్క అబద్ధం చెప్పలేదు. పువ్వు గురించీ చెప్పలేకపోయాడు.

"నాకూ వాసన తెలియడం లేదు ప్లీడరు గారూ," అన్నాడు, తల ఎత్తుకునే. "జలుబు చేసినప్పుడు పోయింది. రెండు నెలలైంది."

"మీద మూడు రోజులు," అంది భార్య.

మాస్టారు ఆవిడ వైపు తిరిగాడు. "నీకు తెలుసా?"

"సబ్బుల్ని తిట్టినప్పుడే తెలిసింది. అందుకే నీలందాని మీద పన్నీరు చల్లాను."

"నువ్వా అమ్మా?" అంది కూతురు. "నేను ఊదావాటికి సెంటు కొట్టాను."

"పసుపుదానికి బామ్ రాసింది నేనే," అంది అత్తగారు, దాచుకోవలసిన పని తనకేమీ లేదన్నట్టు.

"నేను పదకొండుసార్లు దగ్గాను," అంది మనవరాలు. "ఒట్టు పోయిందా తాతయ్యా?"

మాస్టారికి మొదట కోపం వచ్చింది. తన మూడేళ్ళ మొలకల మీద సెంటా, బామా అని. ఆ నలుగురి మొహాలూ చూసేసరికి ఆ కోపం నిలబడలేదు. ఇంత పెద్ద ఇంట్లో తను ఒక్కడే రహస్యం మోస్తున్నాననుకున్నాడు. నలుగురూ తలో చెయ్యీ వేసి మోస్తున్నారు. ఇత్తడి ముక్కు ఇచ్చిన రోజున కూడా ఆయన ఛాతీ ఇంతగా పొంగలేదు. ఆ మాట పైకే అన్నాడు. అత్తగారు ముచ్చటపడి రెండోసారి చెప్పమంది, ఆయన చెప్పాడు.

"మరి నాలుగోదాన్ని ఎంచింది ఎవరు?" అంది డాక్టరమ్మ, కలం పట్టుకుని. మాస్టారు తుమ్మెదని చూపించాడు. ఆవిడ అలాగే రాసుకుంది. ఆ మధ్యాహ్నం ఆయన టీవీ పక్కనున్న ఇత్తడి ముక్కుని తెచ్చి మట్టిదాని కుండీ అంచున పెట్టాడు. తుమ్మెద దాని మీద ఒకసారి వాలి, లోహమని తెలుసుకుని వెళ్ళిపోయింది.

తెల్లదానికి కాయ కట్టింది. ఇరవై మూడు గింజలు, పద్నాలుగు మొలకలు. మాస్టారి ముక్కు తిరిగి రాలేదు. భార్య తీసుకెళ్ళిన డాక్టరు రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. ప్లీడరు గారు పొడుం మానేశాడు. రోజూ సాయంత్రం వచ్చి మాస్టారి పక్కనే బల్ల మీద కూర్చుని, "ఇవాళ ఏదో కొంచెం తెలుస్తున్నట్టుంది" అనేవాడు. ఎక్కువగా అది వంటింట్లోంచి వచ్చే ఉల్లిపాయ వేపుడు.

మూడో ఏడు పూలకాలంలో మొదటి మొలక పూసింది. తల్లి తెలుపే, తల్లి కాడే, ఎంత గాలికీ వాలలేదు. రేకు అంచున తండ్రి మట్టిరంగు గీత ఒకటి, సన్నగా. పది దాటేదాకా అందరూ పెరట్లో కాచుకున్నారు. పన్నెండేళ్ళ మనవరాలు పువ్వు మీదికి వంగి కళ్ళు మూసుకుంది. మాస్టారు కూడా కళ్ళు మూసుకున్నాడు, ఈసారి ఎవరూ గంతలు కట్టకుండానే.

పిల్ల కళ్ళు తెరిచింది. తాతయ్య వైపు తిరిగి ఒకసారి దగ్గింది. రెండుసార్లు. మూడు. ఆగలేదు. నాలుగు, అయిదు, ఆరు. భార్య అలవాటు కొద్దీ మంచినీళ్ళ కోసం లేవబోతే మాస్టారు ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. ఆయన పెదవులు కదులుతున్నాయి, లెక్కపెడుతున్నాడు. ఇరవై దాటాక లెక్క తప్పి, కళ్ళు తుడుచుకుని, "చాలమ్మా, తెలిసింది," అన్నాడు.

అత్తగారు మాత్రం పిల్లకి దగ్గు ముదిరిందని బామ్ సీసా మూత తిప్పుకుంటూ వచ్చింది.